పెళ్లి లైవ్‌లో బొమ్మ చెదురుతోంది: ఎస్‌ఆర్‌టీ లేటెన్సీ ఎంత పెట్టాలి?

ప్రశ్న (మారతహళ్లి):
అందరికీ నమస్తే. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక కల్యాణ మండపం నుంచి పెళ్లి లైవ్ ఇవ్వాలి. చూసేది ఎక్కువగా అమెరికాలోని బంధువులు. ఓబీఎస్ (ల్యాప్‌టాప్‌లో లైవ్ నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఎస్‌ఆర్‌టీలో (దారిలో పోయిన ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, తిరిగి తెప్పించుకుంటూ వీడియో పంపే పద్ధతి) వర్జీనియాలోని మా క్లౌడ్ సర్వర్‌కి, అక్కడి నుంచి యూట్యూబ్‌కి పంపుతున్నాం. 1080పీ, 30 ఫ్రేములు, బిట్‌రేట్ 5 ఎంబీపీఎస్. మండపం లైన్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. సర్వర్‌కి పింగ్ (రానూ పోనూ పట్టే సమయం) 220 మిల్లీసెకన్లు, ప్యాకెట్ లాస్ 1 శాతం. ఉన్నట్టుండి మొహాలు సాగిపోతున్నాయి, బూడిదరంగు గడులు పడుతున్నాయి, సర్దుకోవడానికి ఒక్కోసారి ఏడెనిమిది సెకన్లు పడుతోంది. లేటెన్సీ (పోయిన ప్యాకెట్ కోసం సర్వర్ ఆగే గడువు) డిఫాల్ట్ 120 మిల్లీసెకన్లు చాలదేమోనని ఓబీఎస్ యూఆర్‌ఎల్‌లో 1000 ఇచ్చాను, తేడా లేదు. బిట్‌రేట్ తగ్గించాలా? ఎఫ్‌ఈసీ (పోయినవాటిని సర్వరే తిరిగి కట్టుకునేలా ముందే అదనపు ప్యాకెట్లు పంపడం) పెట్టాలా?

జవాబు (కోరమంగళ):
బిట్‌రేట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరిచ్చిన 1000 దగ్గరే ఉంది తిరకాసు. ఓబీఎస్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (ఇంకో వీడియో టూల్) యూఆర్‌ఎల్‌లో లేటెన్సీని మైక్రోసెకన్లలో చదువుతాయి. అంటే మీరు ఇచ్చింది ఒక్క మిల్లీసెకను. రెండు చివర్లలో ఏది ఎక్కువైతే అదే ఖాయమవుతుంది కాబట్టి సర్వర్ డిఫాల్ట్ 120 మిల్లీసెకన్లే నడుస్తోంది. మళ్లీ ఎస్‌ఆర్‌టీ లైవ్ ట్రాన్స్‌మిట్‌లో (ఎస్‌ఆర్‌టీతో పాటు వచ్చే టూల్) ఇదే అంకె మిల్లీసెకన్లు! ఈ తేడా ఎవరు పెట్టారో గానీ చాలామందిని తిప్పలు పెడుతోంది.

ఇక 120తో ఏమవుతుందంటే: ప్యాకెట్ పోయిందని సర్వర్ కబురు పంపాలి, ఓబీఎస్ దాన్ని తిరిగి పంపాలి. రానూ పోనూ 220. అది చేరేసరికి దాని గడువు దాటిపోయి ఉంటుంది, సర్వర్ పారేస్తుంది. అంటే పోయిన ప్యాకెట్ ఒక్కటి కూడా బాగుపడటం లేదు, పైగా తిరిగి పంపిన డేటా అంతా దండగ.

పింగ్‌కి 4 రెట్లు పెట్టండి: 220 × 4 = 880. యూఆర్‌ఎల్‌లో 900000 అని రాయండి. తిరిగి పంపిన ప్యాకెట్టే మళ్లీ పోయినా ఇంకో రెండు మూడుసార్లు అడగడానికి సమయం ఉంటుంది. పెళ్లికి ఒక సెకను ఆలస్యమైతే ఎవరికీ తెలియదు, యూట్యూబ్ ఎలాగూ అంతకన్నా ఎక్కువే ఆలస్యం చేస్తుంది.

ఏడెనిమిది సెకన్లు అన్నారు కదా, మీ కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) ఇంటర్వెల్ 0, అంటే ఆటోలో ఉండి ఉంటుంది. ఎక్స్264 (వీడియోను కుదించే ఎన్‌కోడర్) అప్పుడు 250 ఫ్రేములకు ఒక కీఫ్రేమ్ ఇస్తుంది, 30తో భాగిస్తే 8.3 సెకన్లు. చెడిన బొమ్మ తర్వాతి కీఫ్రేమ్ దాకా అలాగే లాగుతుంది. 2 సెకన్లు పెట్టండి.

(బీటీఎం లేఅవుట్):
ఎఫ్‌ఈసీ కూడా పెడితే మంచిది కదా? ఎస్‌ఆర్‌టీ 1.4 నుంచి ఉంది, తిరిగి అడిగే పనే ఉండదు.

(కోరమంగళ):
ఇక్కడ అనవసరం అంటాను. లెక్క చూడండి. ఒక్కో ప్యాకెట్‌లో 1316 బైట్లు, అంటే 188 బైట్ల టీఎస్ (వీడియో స్ట్రీమ్) ప్యాకెట్లు 7. 5 ఎంబీపీఎస్‌కి సెకనుకు సుమారు 475 ప్యాకెట్లు. ఎఫ్‌ఈసీకి ప్యాకెట్లను 10 నిలువు, 5 అడ్డ వరసల గడిగా పేర్చి వరసకొక అదనపు ప్యాకెట్ పెడితే ప్రతి 50కి 15 అదనం, 30 శాతం భారం, లాస్ ఉన్నా లేకున్నా మోయాలి. వరుసగా పోతే 10 ప్యాకెట్ల దాకానే కాపాడుతుంది, అంటే 21 మిల్లీసెకన్లు. వైఫై ఒక్కసారి 100 మిల్లీసెకన్లు ఆగితే 47 పోతాయి, ఎఫ్‌ఈసీ చేతులెత్తేస్తుంది. తిరిగి అడగడానికి దారి లేని చోట, మల్టీకాస్ట్‌లోనో (ఒకేసారి చాలామందికి పంపడం) శాటిలైట్‌లోనో, ఎఫ్‌ఈసీదే రాజ్యం. లేదా అర సెకను ఆలస్యం కూడా ఓర్చుకోలేని లైన్లలో.

అసలు లాస్ ఎక్కడ పుడుతోందో చూడండి. ముందు మండపంలోని రౌటర్‌కే ఐదు నిమిషాలు పింగ్ పెట్టండి. అక్కడే పోతుంటే వైఫై తప్పు. అతిథుల ఫోన్లన్నీ అదే రౌటర్ మీద ఉంటాయి, ముహూర్తానికి హాలు నిండాక ఇంకా పాడవుతుంది. ల్యాప్‌టాప్‌కి క్యాట్6 కేబుల్ లాగండి, 100 మీటర్లు దాటకుండా. అక్కడ బాగుంటే సర్వర్‌కి ఎంటీఆర్ (దారిలోని ఒక్కో రౌటర్, అంటే హాప్, దగ్గర లాస్ చూపే టూల్) నడపండి. మధ్య హాప్‌లో లాస్ కనబడి చివరి హాప్‌లో లేకపోతే పట్టించుకోవద్దు, ఆ రౌటర్ పింగ్‌లకు జవాబివ్వడం తగ్గించుకుంది, అంతే. తర్వాత లైన్‌ను పరీక్షించే ఐపెర్ఫ్3 టూల్‌ని యూడీపీలో (ఎస్‌ఆర్‌టీ నడిచేది దీని మీదే), 5 ఎంబీపీఎస్‌తో, 1316 బైట్లతో 300 సెకన్లు నడిపితే నిజమైన లాస్ తెలుస్తుంది.

ఇంకో మాట: సర్వర్‌ని ముంబైకో హైదరాబాద్‌కో మార్చే వీలుంటే మార్చండి. పింగ్ 30 దగ్గరికి దిగితే 4 రెట్లు 120 మాత్రమే. అయినా నేనైతే 400 పెడతాను, వైఫై, ట్రాఫిక్ గడబిడలకు గది ఉండాలి.

(మారతహళ్లి):
అన్నా, 900000, కీఫ్రేమ్ 2 పెట్టాక వర్జీనియాకి బొమ్మ చెదరడం లేదు. లాస్ కౌంట్ మాత్రం పెరుగుతూనే ఉంది, ఫర్వాలేదా? ముంబైలో కొత్త సర్వర్ పెట్టాను, అది కనెక్టే కావడం లేదు.

(కోరమంగళ):
లాస్ కౌంట్ పెరగనివ్వండి, అవి తిరిగి వచ్చేస్తున్నాయి. సర్వర్ వైపు రిసీవ్ డ్రాప్ కౌంట్ (గడువులోగా రాక పోయిన ప్యాకెట్లు) చూడండి, తెర మీద కనబడేది అదే. అది సున్నా దగ్గరే ఉండాలి. రీట్రాన్స్‌మిట్ మరీ ఎక్కువైతే అప్పుడు బిట్‌రేట్ 4కి దించండి. తిరిగి పంపేదానికి 25 శాతం అదనం లెక్కేసుకోండి, 5కి 6.25 దాకా లైన్‌లో ఖాళీ ఉండాలి.

కనెక్షన్ సంగతి: క్లౌడ్ ఫైర్‌వాల్‌లో పోర్టును టీసీపీ అని తెరిచి ఉంటారు, యూడీపీ తెరవండి. సర్వర్ లిజనర్ మోడ్‌లో (కనెక్షన్ కోసం ఎదురుచూసేది), ఓబీఎస్ కాలర్ మోడ్‌లో (తానే కనెక్ట్ అయ్యేది) ఉండాలి. మండపం వైపు పోర్ట్ ఫార్వర్డింగ్ ఏమీ అక్కర్లేదు.

(మారతహళ్లి):
టీసీపీయే తెరిచి ఉంది. మార్చాను, కనెక్ట్ అయింది.