సాయంత్రాలు ఒక్కదాన్నే ఎక్కడికి వెళ్లొచ్చు? (విద్యానగర్, హైదరాబాద్)

విద్యానగర్ రిటైర్డ్:
నాకు అరవై ఆరేళ్లు. ట్రెజరీ ఆఫీసులో చేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు, కాబట్టి "పిల్లలు అమెరికాలోనా?" అని దయచేసి అడగొద్దు. పెన్షన్ సరిపోతోంది. ఒంట్లో బాగానే ఉంది, మెట్లు దిగేటప్పుడు మోకాలు సణుగుతుందంతే.

పొద్దుటి పూట ఇబ్బంది లేదు. పేపరు, కూరగాయల బండి, వంట, ఓ కునుకు, ఎలాగో నాలుగవుతుంది. టీ తాగి గిన్నె బోర్లించాకే అసలు గొడవ. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. టీవీ పెడితే సీరియల్లో అత్తగారిని చూసి నాకు బీపీ.

గుడికి వెళ్తాను గానీ రోజూ నావల్ల కాదు. పార్కులో లాఫింగ్ క్లబ్బుంది. నవ్వు రాకపోయినా నవ్వడం సర్వీసులోనే చాలా చేశాను. ఫంక్షన్లకి పిలుస్తారు, వెళ్తే "పెద్దమ్మా, ఈ బ్యాగులు కాస్త చూస్తుండు" అని కాపలా పెడతారు.

గంటా గంటన్నర కూర్చునే చోటు కావాలి. ఏదో ఒకటి కొనాలి, తినాలి అన్న బలవంతం ఉండకూడదు. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో పడాలి. ఆటోవాళ్లతో బేరాలు నాకు పడవు.

పాత కండక్టర్:
మేడం, సిటీ బస్సులల్ల కండక్టర్‌గ చేసి దిగిన. మీకు ఆటో ఎందుకు? 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఫ్రీ కదా. సిటీల ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సులల్ల నడుస్తది. డీలక్స్ ఎక్కితే పైసలు కట్టాల్సిందే. ఫ్రీ అని టికెట్ లేకుండ కూసోకండి, జీరో టికెట్ అడిగి తీసుకోండి. సర్కారు ఆర్టీసీకి ఇచ్చే లెక్క దాని మీదనే.

ఐదున్నర దాటితే బస్సుల నిలబడేతందుకు జాగ దొరకది. జర ముందుగాల్నే బయలెల్లండి. మోకాలన్నరు కాబట్టి చెప్తున్న, బండి పూర్తిగ ఆగినంకనే సీట్లకెళ్లి లేవండి. నా సర్వీసుల పడ్డోళ్లను చూసిన, స్టాప్ రాకముందే లేచినోళ్లే ఎక్కువ.

చిక్కడపల్లి అక్క:
చెల్లీ, త్యాగరాయ గానసభ మీకు దూరమేం కాదు. కూచిపూడి, పాత పాటల విభావరి, పుస్తకావిష్కరణ, దాదాపు రోజూ ఏదో ఒకటి ఉంటుంది. చాలావాటికి టికెట్ ఉండదు. ఆ రోజు ఏముందో పేపరు సిటీ పేజీలో చూసుకోండి.

కాకపోతే కరపత్రంలో ఆరంటే ఆరు కాదు. ముఖ్య అతిథి రావాలి, జ్యోతి వెలిగించాలి, వేదిక మీదున్నవాళ్లు ఒకరినొకరు పొగుడుకోవాలి, శాలువాలు కప్పాలి. ఓసారి కప్పినాయన్నే పిలిచి మళ్లీ ఆయనకే కప్పారు! పిల్లల డాన్సులైతే తల్లులంతా ఫోన్లు పైకెత్తి నిలబడతారు. అందుకని పక్క వరుసలో చివరి కుర్చీ పట్టండి. మధ్యలో లేచి రావడానికీ అదే సుఖం. నేనెప్పుడూ సగంలోనే వచ్చేస్తాను, ఎవరూ ఏమీ అనుకోరు.

సిటీ సెంట్రల్ లైబ్రరీ అక్కడే ఉంది గానీ గ్రూప్స్ రాసే పిల్లలతో కిటకిట. కుర్చీ దొరికినా వాళ్ల పక్కన వారపత్రిక తిరగేయాలంటే మొహమాటం. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూడా సభలు జరుగుతుంటాయి. వక్తలు మైకు వదలరు, అది మాత్రం భరించాలి.

చదరంగం మాస్టారు:
అమ్మా, సభలో వందమంది మధ్య ఒంటరిగా కూర్చుంటే ఏమొస్తుంది? మేం నలుగురు స్నేహితులం వారానికోసారి ఒకరింట్లో చేరి చదరంగం ఆడతాం. అలాంటిదేదైనా మీ ఇంట్లోనే పెట్టుకోండి. నలుగురూ మీ దగ్గరికే వస్తారు.

విద్యానగర్ రిటైర్డ్:
మాస్టారూ, సబబే. కానీ మీరు నలుగురూ ఆడుతుంటే టీ పెట్టేదెవరో చెప్పలేదు. ఇంటికి మనుషులొస్తే నేను మళ్లీ వంటింట్లోనే ఉంటాను. నాకు బయట ఉండటం కావాలి, ఎవరికీ ఏదీ అందించకుండా. వందమంది మధ్య ఒంటరిగా కూర్చోవడం నాకు కష్టం కాదు, ఆఫీసులో అలవాటే.

నిన్న గానసభకి వెళ్లొచ్చాను. అక్క చెప్పినట్టే ఆరుకి కుర్చీలు, ఏడుకి మనుషులు. నా పక్క సీట్లో ఏడెనిమిదేళ్ల పిల్ల, జడకుచ్చులు, వంకీలు, కాళ్లకి గజ్జెలు, పూర్తిగా తయారై ఆకలంటోంది. లిప్‌స్టిక్ చెదరకుండా వాళ్లమ్మ ఇడ్లీని బఠాణీ గింజంత తుంచి నోట్లోకి జారవిడుస్తోంది. పిల్ల నమలడానికి కూడా పెదాలు కలపడం లేదు. డబ్బాలో మూడు ఇడ్లీలున్నాయి, పేరు పిలిచేటప్పటికి ఒకటి కూడా అవలేదు. స్టేజి మీద బాగానే చేసింది. శాలువాలు మొదలవ్వగానే నేను లేచొచ్చేశాను.

కండక్టర్ గారూ, ఒక సందేహం. బస్సులో చూపించడానికి ఆధార్ రోజూ పర్సులో పెట్టుకుంటే ఎక్కడ పడేస్తానో అని భయంగా ఉంది. ఓటరు కార్డు చూపిస్తే నడుస్తుందా?

పాత కండక్టర్:
నడుస్తది మేడం. దాని మీద తెలంగాణ అడ్రస్ ఉండాలె. ఒరిజినలే తెచ్చుకోండి, జిరాక్స్ చూపెడితే ఒప్పుకోరు.