పాత తవేరా టర్బో డీజిల్: ఇంట్లోనే మెల్లగా విప్పి బిగించుకోవాలా, మిస్త్రీకి ఇచ్చేయాలా?

కొర్లగుంట తవేరా (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా నాన్న 2007లో కొన్న తవేరా ఇది. 2499 సీసీ టర్బో డీజిల్, ఇసుజు 4జేఏ1 ఇంజన్. మీటరు 2,86,000 దాటింది. ఆరు నెలలుగా ఆయిల్ తాగుతోంది, వెయ్యి కిలోమీటర్లకు లీటరున్నర పోయాల్సి వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా నీలం పొగ. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బుసబుసమని గాలి కొడుతోంది.

పోయిన ఆదివారం కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, చూశాను. మొదటి సిలిండర్ 400 పీఎస్ఐ, రెండోది 390, మూడోది 280, నాలుగోది 385. మూడో దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 350కి ఎక్కింది. వాల్వుల్లో లీకైతే ఆయిల్ పోసినా ముల్లు కదలదు. కాబట్టి పిస్టన్ రింగులే అరిగాయి. బండి బోరుకొచ్చింది, అంటే ఇంజన్ మొత్తం విప్పి బాగు చేయాల్సిందే, అందులో అనుమానం లేదు.

తప్పు నాదే. రెండేళ్ల కిందట మే నెలలో భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే రేడియేటర్ హోస్ పగిలింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకు చేరడం చూసి కూడా, నీడ దొరికే దాకా అని రెండు కిలోమీటర్లు లాగించాను. ఆ రెండు కిలోమీటర్లే ఇప్పుడిలా బయటపడుతున్నాయని నా నమ్మకం.

ఆటోనగర్‌లో ఒక మిస్త్రీ పన్నెండు రోజుల్లో చేసిస్తాను, అంతా కలిపి లక్షా పదిహేను వేలు అన్నాడు. నాకేమో మా షెడ్డులో ఆదివారాల్లో విప్పి, లేత్ పని మాత్రం బయట చేయించి, ఏడాది పట్టినా నా చేత్తోనే బిగించుకోవాలని ఉంది. డబ్బు మిగులుతుందని కాదు. పన్నెండు రోజుల పనిలో కొలతలు ఎవరూ తీయరని నా భయం. ఒక ఉదాహరణ చెబుతా. ఈ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు మట్టం కన్నా వెంట్రుకంత పైకి పొడుచుకొస్తుంది. ఎంత వచ్చిందో నాలుగింటికీ డయల్ గేజితో కొలిచి, దాన్నిబట్టి మూడు మందాల హెడ్ గాస్కెట్లలో (బ్లాకుకూ పైన హెడ్‌కూ మధ్య వేసే రేకు) ఏది వేయాలో తేల్చాలి. మందం ఎక్కువైతే కంప్రెషన్ పడిపోతుంది, చలికాలం స్టార్టింగ్ ట్రబుల్ తప్పదు. తక్కువైతే ఇంకా ప్రమాదం. ఆ మిస్త్రీని అడిగితే, 'అంగట్లో ఏది దొరికితే అది వేస్తాం సార్, ఏం కాదు' అన్నాడు.

ఇంట్లో అందరూ వద్దంటున్నారు. మీరేమంటారు?

మొగిలి ఘాట్ (చిత్తూరు)

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా బెంగుళూరు రోడ్డు మీద బండి తోలుతున్నా. నా మూడు బండ్లకు ఇంజన్ పని చేయించా, మూడూ మిస్త్రీ చేతి మీదే. మీ ఇంట్లోవాళ్లు చెప్పేదే నిజం, ఇచ్చేయండి.

విప్పడం ఎవరైనా విప్పుతారు. విప్పిన ఇంజన్ ఇంట్లో పడి ఉంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశా. తిరుపతిలోనే మా బావమరిది ఒక పాత సఫారీ ఇంజన్ దించి, అపార్ట్‌మెంట్ సెల్లారులో పెట్టుకుని ఆదివారం కొంచెం, పండగకు కొంచెం చేసేవాడు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, ఊళ్లోకి వరద వచ్చింది. సెల్లారులో నడుము లోతు నీళ్లు. హెడ్ తీసి ఉన్న బ్లాకు రెండు రోజులు మునిగే ఉంది. నీళ్లు తోడాక చూస్తే నాలుగు బోర్లూ ఇటుకరాయి రంగు. అదే ఇంజన్ సెప్టెంబరులో మిస్త్రీ దగ్గర పెట్టుంటే దసరాకే రోడ్డెక్కేది.

వరద రోజూ రాదు, నిజమే. తేమ మాత్రం రోజూ ఉంటుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు చాలు, నూనె ఆరిన బోరు ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. పైగా ఏ బోల్టు ఎక్కడిదో ఆరు నెలలకు మీకే గుర్తుండదు.

ఇంకో మాట. 2007 బండంటే 2022లో మీ రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండి ఐదేళ్లకు రెన్యువల్ అయి ఉంటుంది. అంటే 2027లో మళ్లీ ఫిట్‌నెస్. ఉన్న గడువులో ఒక ఏడాది షెడ్డులోనే పోగొడతారా?

లేత్ పని (రేణిగుంట రోడ్డు)

నా పొట్ట గడిచేది ఈ పని మీదే కాబట్టి ఉన్నది చెబుతా. ఇంట్లో విప్పి తెచ్చే వాళ్లు రెండు రకాలు. కొందరు బ్లాకు కడిగి, ఆయిల్ రాసి, పాలిథీన్ చుట్టి తెస్తారు. ఇంకొందరు పాత గాస్కెట్‌ను స్క్రూడ్రైవరుతో గీకి, ఫేసు మీద గీతలు పెట్టి తెస్తారు. రెండో రకానికి మిస్త్రీయే మేలు.

పన్నెండు రోజుల పనిలో కొలతలు తీయరనే మాట కొంతమంది విషయంలో నిజం, అందరి విషయంలో కాదు. నా దగ్గరికి బోర్ గేజి తీసుకుని వచ్చి, నా పక్కనే నిలబడి పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలుచుకునే మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. అలాంటి వాడు దొరికితే కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చు.

మీరు బ్లాకు తెస్తే క్రాంక్ కూడా తెచ్చేయండి. జర్నల్స్ (క్రాంక్‌లో బేరింగుల మధ్య తిరిగే చోట్లు) అరిగుంటే పది సైజుకు, అంటే కాస్త సన్నగా, గ్రైండ్ చేసి ఇస్తా.

కొర్లగుంట తవేరా (తిరుపతి)

చిత్తూరు అన్నా, మా షెడ్డు రోడ్డు మట్టం కన్నా మూడడుగుల ఎత్తులో ఉంది. తేమ గురించి మీరు చెప్పింది మాత్రం నిజమే, నేను దాన్ని తేలిగ్గా తీసుకున్నాను.

లేత్ అన్నా, క్రాంక్ గ్రైండింగ్ అన్నారు కాబట్టి చెబుతున్నా. నా దగ్గర ఈ ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్ ఉంది. క్రాంక్‌కు గట్టిదనం కోసం నైట్రైడింగ్ చేశామని, అందువల్ల గ్రైండ్ చేయకూడదని అందులో ఉంది. ఆ గట్టి పొర పైపైనే ఉంటుంది. గ్రైండ్ చేస్తే అది పోయి మెత్తటి ఇనుము బయటపడుతుంది. లైనర్ల (బోరు లోపల ఉండే గొట్టాలు) మాటా అంతే. లోపల క్రోమ్ పూత ఉన్న పల్చటి డ్రై లైనర్లు, బోరింగ్ పనికిరాదు, అరిగితే మార్చాల్సిందే.

నేను మెల్లగా అంటున్నది ఇందుకే. ఒక్కో చోట ఆగి చదువుకుంటే తప్ప ఇవి తెలియవు. మామూలుగా అందరికీ చేసే పనే నా ఇంజన్‌కూ చేసేస్తే తప్పు జరిగిందని కూడా నాకు తెలియదు.

లేత్ పని (రేణిగుంట రోడ్డు)

నేను గ్రైండ్ చేసిన క్రాంకులు లక్ష కిలోమీటర్లు తిరిగినవి ఉన్నాయి. రెండేళ్లకే విరిగి వచ్చినవీ రెండున్నాయి. ఆ రెండూ ఎందుకు విరిగాయో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు, మీరు రాసింది చదివాక ఆలోచనలో పడ్డా. మీ క్రాంక్ ముందు మైక్రోమీటరుతో చూద్దాం. కొలతలో ఉంటే పాలిష్ చాలు. లేకపోతే ఇంకో క్రాంక్ వెతుక్కోవాలి, నేను చక్రం మీద పెట్టను.

పీలేరు పికప్

ఇంత తలనొప్పి ఎందుకు బ్రదర్? చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారుకు పోతే ఇంజన్‌కు ఇంజన్ దొరుకుతుంది. పొద్దున పోతే సాయంత్రానికి బండిలో వేసుకుని రావచ్చు.

మొగిలి ఘాట్ (చిత్తూరు)

పుదుపేట ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దేవుడికే తెలియాలి. దాని బోరు కూడా ఇలాగే ఉంటే? ఇంజన్ మారితే నంబరు కూడా మారుతుంది, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కించుకోవాలి. పాత ఇంజన్‌కు కాగితాలు సరిగ్గా లేకపోతే ఆఫీసు చుట్టూ తిరగలేక చస్తారు. ఈ ఒక్క విషయంలో తమ్ముడి వైపే నేను. ఉన్న ఇంజనే బాగు చేసుకోవాలి.

మదనపల్లె స్కార్పియో

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెబుతాను. మా స్కార్పియో 2.6 టర్బో ఇంజన్ పద్నాలుగు నెలలు పట్టి నేనే బిగించాను. బిగించాక ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది. కాబట్టి మెల్లగా చేయొచ్చు, కానీ అన్నింట్లోనూ మెల్లగా కుదరదు. నేను నేర్చుకున్నది ఇదే.

విప్పడం, కడగడం, లేత్‌కు పంపడం ఆగకుండా పది పదిహేను రోజుల్లో అయిపోవాలి. బోర్లు తెరిచి ఉండే కాలం ఎంత తక్కువైతే అంత మంచిది. లేత్ నుంచి వచ్చిన రోజే వేడినీళ్లు, సబ్బుతో బోర్లు తోమండి. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. ఆరిన వెంటనే ఆయిల్ రాసేయండి. ఆ తర్వాత మీ ఇష్టం, మూడు నెలలు తీసుకోండి.

మీ ఇంజన్లో వాల్వులను తెరిచే కడ్డీలు, పుష్‌రాడ్లు, ఎనిమిది ఉంటాయి. అరుగుదల ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి తీసినవి తీసిన చోటికే వెళ్లాలి. నేను అట్టపెట్టె మూత మీద ఇంజన్ బొమ్మ గీసి, కన్నాలు పెట్టి ఒక్కోదాన్నీ దాని కన్నంలో గుచ్చాను. సైడ్ కవర్ బోల్టులూ అంతే. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే లోపల పగులుతుంది.

ఇక ఎవరూ ఎత్తని సంగతి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో. ఇంజన్ అంతా కొత్తగా చేసి పాత ఆయిల్ పైపే టర్బోకు బిగించేస్తారు. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. వేడి ఇంజన్‌ను టక్కున ఆపినప్పుడల్లా ఆ పైపులో ఆయిల్ మాడుతుంది. నా పైపు విప్పి సైకిల్ చువ్వ దూర్చి చూస్తే సగం దాకా పోయి ఆగింది. లోపల నుంచి మాడిన పెనం మీద పెచ్చుల్లాంటి నల్ల పొడి రాలింది. పెన్సిల్ మందం పైపులో అగ్గిపుల్ల పట్టేంత దారి మిగిలింది. ఆ పైపు అలాగే వేసుంటే కొత్త టర్బో వేసినా నెల తిరక్కుండా పోయేది. శుభ్రం చేయకండి, కొత్తదే వేయండి. టర్బో సీలు పోయి ఆయిల్ లోపలికి వెళితే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌తోనే పరుగెత్తుతుంది, తాళం తీసినా ఆగదు. అది ఒకసారి చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు.

మొదటి స్టార్టింగ్‌కు ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి చక్రం వేలితో తిప్పండి. ఇంజన్ అంటుకోకుండా డీజిల్ పంపు సోలెనాయిడ్ వైరు పీకేసి, ఆయిల్ లైటు ఆరే దాకా పది సెకన్ల చొప్పున క్రాంక్ చేయండి. ఆ తర్వాతే వైరు పెట్టాలి.

మొగిలి ఘాట్ (చిత్తూరు)

అమ్మా, నేను రాసిన దాంట్లో సగం మీరు ఒప్పుకున్నట్టే ఉంది, సంతోషం. స్టార్ట్ అయ్యాక ఎనిమిది గంటలు ఐడిల్‌లో వదిలేయాలని మా మిస్త్రీలంతా చెబుతారు. అది కూడా రాయండి.

మదనపల్లె స్కార్పియో

అన్నా, అది మాత్రం వద్దు. రింగును బోరు గోడకు నొక్కిపెట్టేది మండుతున్న గ్యాసు ఒత్తిడే. ఐడిల్‌లో ఆ ఒత్తిడి చాలదు. రింగు కూర్చోకముందే గోడ అద్దంలా నున్నబడితే ఆయిల్ తాగడం మళ్లీ మొదలవుతుంది. లీకులు చూసుకుని, వేడెక్కగానే రోడ్డెక్కాలి. మధ్యస్థంగా లోడ్ ఇస్తూ వదులుతూ నడపాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఘాట్ వద్దు, ఫుల్ లోడ్ వద్దు. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి.

మొగిలి ఘాట్ (చిత్తూరు)

నా మూడు ఇంజన్లూ ఐడిల్‌లో పెట్టినవే, బాగానే తిరిగాయి. దీంట్లో మీ మాట నేను ఒప్పుకోను. కానీ పైపు సంగతి నాకు తెలియదు. రెండో బండికి ఏడాదిలో రెండు టర్బోలు మార్చా, రెండుసార్లూ పైపు పాతదే. ఇప్పుడు చదువుతుంటే కడుపు మండుతోంది.

కొర్లగుంట తవేరా (తిరుపతి)

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఏడాది అనే మాట వదిలేస్తున్నా. ఆఫీసుకు పది రోజులు సెలవు పెడతాను. విప్పడం, కడగడం, లేత్ పని ఆ పది రోజుల్లోనే. లైనర్లు, పిస్టన్లు, రింగులు, టర్బో పైపు చేతికొచ్చాకే హెడ్ తీస్తాను, అంతవరకు ఇంజన్ మూసే ఉంటుంది. బిగించడం మాత్రం ఆదివారాల్లో నేనే చేసుకుంటాను, ఎన్ని ఆదివారాలైనా సరే. వానలు మొదలయ్యే లోపు హెడ్ ఎక్కేయాలని లెక్క.

మిస్త్రీని పూర్తిగా వదలడం లేదు. లేత్ అన్నా, మీరు చెప్పిన ఆ పెద్దాయన ఒక్క ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుంటారా? పిస్టన్లు వేసే రోజు. ఆయన కూలీ ఆయనకిస్తాను.

లేత్ పని (రేణిగుంట రోడ్డు)

అడిగా. వస్తానన్నాడు. కూలీ సంగతి తర్వాత, పొద్దున టిఫిను, రెండుసార్లు టీ ఉండాలన్నాడు. డయల్ గేజి ఆయనదే తెస్తాడు. మీ గాస్కెట్లు మాత్రం మూడు మందాలూ తెప్పించి పెట్టండి, కొలిచాక మిగిలిన రెండూ అంగట్లో వాపసు ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి.