పొలంలో అతిథి గదులు: చట్టం కావాలా, వద్దా?

దుగ్గిరాల పసుపు: మాకు 3 ఎకరాలు. ఒక మూలన రెండు గదులు, వంటపాక వేసి, గుంటూరు, బెజవాడ వాళ్ళకు పసుపు తవ్వకం, ఉడకబెట్టడం చూపిద్దామని ఆశ. సాగుభూమిని వేరే అవసరాలకు మార్చుకోడానికి 2006లో తెచ్చిన నాలా చట్టం నాటి నుంచీ మన దగ్గర అయితే పొలం, లేకపోతే వెంచర్. మధ్యరకం లేదు. మహారాష్ట్ర 2020లోనే వ్యవసాయ పర్యాటక విధానం తెచ్చుకుంది. మనకూ చట్టం చేసి, పొలంలో 5 శాతానికి మించి కట్టకూడదని అందులోనే రాయాలి. నాకు 15 సెంట్లు చాలు.

కొల్లిపర కౌలు: ఆ 15 సెంట్లలో బాట కలుస్తుందా?

దుగ్గిరాల పసుపు: బాట ఎప్పటినుంచో ఉన్న పుంతేనండీ.

కొల్లిపర కౌలు: పుంతలో ఎడ్లబండి పడుతుంది. పది కార్లొస్తే? మా పక్క చేలో షెడ్డు అని మొదలుపెట్టి ఫంక్షన్ హాల్ చేశారు. కంకర తోలి నీళ్ళు పోయే బోదె పూడ్చేశారు. మొన్న వానకు నా మొక్కజొన్న రెండు రోజులు నీళ్ళలోనే ఉంది. పైన డీజే.

బెజవాడ బండి: గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల్ని చూసొచ్చాక చెట్టు కింద ఇంత భోజనం దొరికితే చాలు. కట్టండి బాబూ.

రాజధాని రైతు: 2015లో జరీబు (ఏటి ఒడ్డు సారవంతమైన నేల) ఎకరం అమరావతి రాజధాని కోసం భూముల పూలింగ్‌కిచ్చాం. బదులుగా 1000 గజాలు ఇంటికి, 450 వ్యాపారానికి అని కాగితమిచ్చారు. గజాల్లోకి మారిన నేల మళ్ళీ ఎకరాల్లోకి రాదు. 5 శాతం సరే, కొలిచేదెవరు?

దుగ్గిరాల పసుపు: పూలింగ్‌కీ నా రెండు గదులకీ పోలికేంటండీ!

కొల్లిపర కౌలు: బాట సంగతి తేలలేదు.

దుగ్గిరాల పసుపు: బాట, బాట! అసలు మీకు సెంటు భూమైనా ఉందా? మీకెందుకండీ ఈ గొడవ?

కొల్లిపర కౌలు: వచ్చింది మాట బయటికి. లేదు. 22 ఏళ్ళుగా దున్నుతున్నా. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు సాగుదారు కార్డు కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి, అదీ 11 నెలలకే. మా ఆసామి ఇంతవరకూ పెట్టలేదు. రేపు గదులే లాభమని తోస్తే ముందు పొమ్మనేది నన్నే. మీ చేలో పసుపు తవ్వి చూపించేదెవరు, మీరా?

దుగ్గిరాల పసుపు: మా కౌలుదారు. కౌలు తగ్గిస్తానని చెప్పా.

కొల్లిపర కౌలు: నోటితోనా, కాగితం మీదా?

బెజవాడ బండి: 🍿

దుగ్గిరాల పసుపు: నాన్నగారిని అడగాలి. పాస్‌బుక్ ఆయన పేరు మీదుంది. గదుల సంగతి కూడా ఆయనకింకా చెప్పలేదు.