సస్పిరియా (1977): రంగులు తీసేస్తే ఏం మిగులుతుంది?

కథకావాలి:
ఇటలీ దర్శకుడు దారియో అర్జెంతో తీసిన సస్పిరియా మాట ఎప్పుడు వచ్చినా చర్చ రెండు ముక్కల్లో తేలిపోతోంది. కొందరు హారర్‌లో దీన్ని మించింది లేదంటారు. మిగతావాళ్లు రంగుల లైట్లు, చెవులు చిల్లులు పడే మ్యూజిక్ తప్ప ఏముందంటారు. నేను రెండో పక్షం. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్లు సినిమాలోంచే జవాబు చూపించండి. చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి, ముగింపు కూడా చర్చకు వస్తుంది.

అమెరికా నుంచి సూజీ (జెస్సికా హార్పర్) బ్యాలే నేర్చుకోడానికి జర్మనీలోని ఫ్రైబుర్గ్‌కు వస్తుంది. అకాడమీ నడిపేది మంత్రగత్తెలు. కథ ఇంతే. మొదటి హత్యకు ముందు కిటికీ అవతల చీకట్లో మెరిసిన కళ్లు, అద్దం పగలగొట్టుకుని వచ్చిన ఆ వెంట్రుకల చెయ్యి ఎవరివో చివరిదాకా చెప్పరు. కళ్లు లేని పియానిస్టు డేనియల్‌ని అతని కుక్క చేతే చంపించగలిగినవాళ్లు, సూజీ స్నేహితురాలు సారా వెనకాల రేజరు పట్టుకుని పరిగెత్తాల్సిన అవసరం ఏమిటి? డాన్సు స్కూల్లో ఒక గది నిండా ఇనప తీగచుట్టలు ఎందుకున్నాయి? వీటిలో దేనికీ జవాబు లేదు.

రీలుపెట్టె:
మీ ప్రశ్నల్లో మూడోది నాకూ ఉంది. కానీ "కథ ఇంతే" అన్న మాట ఒప్పుకోను. ఈ సినిమాలో మిస్టరీ ఉంది, దాని ఆధారాలు ముందే మన ముందు పెట్టారు కూడా.

మొదటి పది నిమిషాలు గుర్తు తెచ్చుకోండి. కుండపోత వాన. సూజీ టాక్సీ దిగేసరికి అకాడమీ గుమ్మంలో పాట్ అనే అమ్మాయి లోపలున్న ఎవరితోనో ఏదో అరిచి పారిపోతుంది. గాలీవానా హోరులో మనకు అందేది ఒకటి రెండు మాటలే. సూజీకీ అంతే. సినిమా అంతా ఆ అమ్మాయి మోసేది ఈ సగం వినబడ్డ మాటల్నే. మధ్యలో సారా ఇంకో ఆధారం ఇస్తుంది: టీచర్లు రాత్రి ఇళ్లకు వెళ్తున్నట్టు నటిస్తారు గానీ అడుగుల చప్పుడు గేటు వైపు కాదు, లోపలికి పోతుంది. సారా ఆ అడుగుల్ని లెక్కపెట్టి రాసుకుంటుంది. ఆఖర్లో సూజీ అదే లెక్క పట్టుకుని నడిచి అకాడమీ నడిపే మేడమ్ బ్లాంక్ గదికి చేరుతుంది. గోడ మీద ఐరిస్ పూల బొమ్మలు చూడగానే పాట్ అన్న మాట పూర్తిగా గుర్తొస్తుంది. వాటిలో నీలం పువ్వుని తిప్పితే రహస్య ద్వారం తెరుచుకుంటుంది.

రంగులు తీసేస్తే ఏం మిగులుతుందని కదా మీ శీర్షిక. రంగు తీసేస్తే ఆ తలుపు తెరుచుకోదు. నలుపు తెలుపులో ఏది నీలం పువ్వో సూజీకి ఎలా తెలుస్తుంది?

కథకావాలి:
పువ్వు సంగతి బాగా పట్టుకున్నారు, అది నేను గమనించలేదు. కానీ ఒక్క పువ్వు కోసం 98 నిమిషాలు ఎర్ర లైట్లు వెయ్యనక్కర్లేదు కదా. టాక్సీలో సూజీ ముఖం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ మారిపోతుంటాయి. ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? వీధి దీపమా, సిగ్నలా? ఏదీ కాదు.

వెలుగుకొలత:
ఎక్కడి నుంచీ రాదు, అది తెలిసి చేసిందే. అర్జెంతో తన కెమెరామన్ లుచానో తొవోలికి ఇచ్చిన నమూనా డిస్నీ వారి 1937 నాటి స్నో వైట్. కార్టూన్‌లో అడవి ఎందుకు ఎర్రబడిందని ఎవరూ అడగరు. మొదట ఈ కథ చిన్నపిల్లల మధ్యే అనుకున్నారు. నిర్మాత అయిన దర్శకుడి తండ్రి సాల్వతోరె అర్జెంతో ఒప్పుకోకపోవడంతో పాత్రల వయసు పెంచారు, మాటలు మాత్రం పిల్లలవే ఉంచేశారు. అందుకే "ఎస్ అక్షరంతో మొదలయ్యే పేర్లు పాముల పేర్లు" అంటూ తోటి విద్యార్థిని ఓల్గా, సారా ఒకరి మీద ఒకరు నాలుక చాపి బుసకొట్టుకుంటారు. ఇరవై ఏళ్ల అమ్మాయిలు అలా పోట్లాడుకోరు, ఎనిమిదేళ్లవాళ్లు పోట్లాడుకుంటారు. తలుపుల పిడులు కూడా మామూలుకన్నా ఎత్తులో బిగించారు, పెద్దవాళ్లు చేత్తో అందుకున్నా పిల్లలు అందుకున్నట్టే ఉండాలని. ఈసారి చూసినప్పుడు సూజీ భుజం ఎత్తు, పిడి ఎత్తు పోల్చి చూడండి.

ఇక వెలుగు. మామూలుగా రంగు కావాలంటే దూరంగా ఉన్న లైటుకి రంగు కాగితం కడతారు. ముఖం దాకా వచ్చేసరికి దానిలో చుట్టుపక్కల తెల్లని వెలుగు కలిసి రంగు పలచబడుతుంది. తొవోలి పెద్ద ఫ్రేములకు రంగు వెల్వెట్, టిష్యూ బిగించి వాటిని నటుల ముఖాలకు బాగా దగ్గరగా పెట్టాడు, వెనక నుంచి బలమైన కార్బన్ ఆర్క్ లైట్లు. బట్ట చాలా వెలుగుని మింగేస్తుంది కాబట్టి అంత బలమైన లైటు కావాల్సిందే. మిగిలి ముఖం మీద పడేది దాదాపు కల్తీ లేని రంగు. చర్మం మీద పూసినట్టు కనబడేది అందుకే.

రీలుపెట్టె:
దీనికి ప్రింటు సంగతి కూడా కలపాలి. తీసింది ఈస్ట్‌మన్ నెగటివ్ మీద, ప్రింట్లు వేసింది రోమ్ టెక్నికలర్ లాబ్‌లో, పాత డై ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో. నెగటివ్ నుంచి ఒక్కో రంగుకి ఒకటి చొప్పున మూడు మాట్రిక్సులు తీస్తారు. వాటి మీద జెలటిన్ ఎత్తుపల్లాలుగా ఉంటుంది, ఎంత మందంగా ఉంటే అంత రంగు పీలుస్తుంది. పసుపు, మెజెంటా, సయాన్ రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ ఫిల్ము మీద అచ్చు వేస్తారు, చీర మీద అద్దకం వేసినట్టే. అచ్చు ఒక్క వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగు చారలు వస్తాయి. మాట్రిక్సు దశలోనే కాంట్రాస్టు పెంచుకోవచ్చు, ఇక్కడ పెంచారు. ఈ రంగులు వెలిసిపోవు. డెబ్బైల నాటి మన ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లు ఇప్పుడు గులాబీ రంగుకి తిరిగి ఎలా ఉంటాయో తెలుసు కదా, వీటికి ఆ జబ్బు లేదు.

షార్ట్‌ఫిలిం_కుర్రాడు:
వెలుగుకొలత అన్నా, ఇదే లుక్ ఎల్ఈడీ ట్యూబులతో వస్తుందా? పూర్తి ఎరుపు పెడితే ముఖం ఒక ఎర్ర మచ్చలా అయిపోతోంది. ముక్కు, బుగ్గ తేడా లేదు.

వెలుగుకొలత:
వస్తుంది తమ్ముడూ, కానీ అక్కడే అందరూ దెబ్బతింటారు. ఎల్ఈడీ ఎరుపు రంగుల పట్టీలో చాలా సన్నని ముక్క. కెమెరా సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే ఎరుపుది, వివరం అంతా దాని మీదే పడుతుంది. మీటరు మొత్తం వెలుగుని చూసి "సరిపోయింది" అంటుంది, అప్పటికే ఎరుపు ఛానల్ నిండిపోయి ఉంటుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు) కాదు, ఆర్‌జీబీ విడివిడిగా చూపించేది పెట్టుకో. ఎరుపు కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్‌ని ఒకటి, ఒకటిన్నర స్టాపు తగ్గించు (ఒక స్టాపు అంటే వెలుగు సగం). 10 బిట్ లాగ్‌లోనో రాలోనో (వెలుగు వివరం ఎక్కువగా దాచుకునే రికార్డింగ్ పద్ధతులు) తియ్యి, 8 బిట్ అయితే చీకట్లోకి దిగే ఎరుపు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. ముఖానికి రెండోవైపు చాలా తక్కువగా వెచ్చని తెలుపు వెయ్యి, చర్మం అచ్చంగా చర్మంలా నిలబడుతుంది. ట్యూబు ముందు పలచటి తెల్ల బట్ట కట్టి, ఫ్రేములో పడనంత వరకు దగ్గరికి జరుపు.

శబ్దలిపి:
అందరూ కంటి దగ్గరే ఆగిపోయారు. ఎయిర్‌పోర్టు సీను వినండి, చూడొద్దు. ఆటోమేటిక్ తలుపు తెరుచుకుంటే గోబ్లిన్ బృందం ట్యూన్ వినబడుతుంది, మూసుకుంటే ఆగిపోతుంది. మ్యూజిక్ సినిమా మీద లేదు, బయట వానలో ఉంది, సూజీ దాంట్లోకే నడిచి వెళ్తోంది. ఒక్క మాట లేకుండా భయం ఎక్కడుందో చెప్పేశారు. ఆ థీమ్‌లో జోలపాటలాంటి చెలెస్టా (చిన్న గంటల్లా మోగే కీబోర్డు), పక్కన గ్రీకు బుజూకి, మూగ్ సింథసైజర్, మన తబలా కూడా ఉన్నాయి. పైన ఎవరో ఊపిరితో పాడుతున్నట్టు గుసగుస. షూటింగులో మ్యూజిక్‌ని స్పీకర్లలో గట్టిగా పెట్టి నటుల్ని భయపెట్టేవారు. ఇటలీలో అప్పట్లో మాటలన్నీ తర్వాత డబ్బింగే కాబట్టి అది కుదిరింది.

ఆ డబ్బింగు పెదాలకు సరిగ్గా అతకదు, చాలామంది చిరాకుపడేది అందుకే. ఆ మాట నిజమే. కానీ తెలుగులో హీరోయిన్‌కి వేరేవాళ్లు గొంతు ఇవ్వడం మనం దశాబ్దాలుగా చూస్తున్నాం, ఆ ఒక్క కారణంతో సినిమాని పక్కన పెట్టేయకండి.

కథకావాలి:
శబ్దం విషయంలో వాదించను, ఎయిర్‌పోర్టు సీను గొప్పది. కానీ మాటలు అస్సలు వినబడవు, మ్యూజిక్ మీదపడిపోతుంది.

శబ్దలిపి:
మీరు వింటున్నది ఏ ట్రాకో చూసుకోండి. అసలు మిక్సు నాలుగు ఛానళ్లది: ఎడమ, మధ్య, కుడి, వెనక. మాటలు మధ్యలో ఉంటాయి. టీవీ స్పీకర్లకు రెండుగా కుదిస్తే మ్యూజిక్ వచ్చి మాటల మీద కూర్చుంటుంది. సౌండ్‌బార్‌లో సెంటర్ మాత్రం రెండు మూడు డెసిబెళ్లు పెంచండి, నైట్ మోడ్ తీసెయ్యండి. అది ఉంటే గుసగుస, అరుపు ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి.

రీలుపెట్టె:
బొమ్మకీ ఇదే సమస్య. మొదట్లో వచ్చిన కొన్ని బ్లూరేల్లో కాంట్రాస్టు అతిగా పెంచి తెలుపులు కాల్చేశారు. 2017లో తొవోలి పర్యవేక్షణలో రంగు సరిచేసిన 4కే రిస్టొరేషన్ చూడండి, దాని అమెరికా డిస్కులో పాత నాలుగు ఛానళ్ల ట్రాకు కూడా ఉంది. స్ట్రీమింగ్‌లో ఎరుపు గోడలు గళ్లు గళ్లుగా విరుగుతాయి. వీడియోలో వెలుగు వివరం పూర్తిగా ఉంచి రంగు వివరాన్ని నాలుగో వంతుకు కుదిస్తారు. మామూలు సినిమాలో అది తెలీదు, ఇక్కడ బొమ్మ బరువంతా రంగు మీదే ఉంది కాబట్టి బయటపడుతుంది. టీవీలో వివిడ్ మోడ్, మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ మూడూ ఆపెయ్యాలి. ఇవన్నీ ఉంచి చూసి "ఎర్ర లైట్లు తప్ప ఏమీ లేదు" అన్నవాళ్లు చూసింది సగం సినిమానే.

నాలుగోవరుస:
టీవీ సెట్టింగులతో తీరని లోపం ఒకటుంది. సరిగ్గా నడుస్తున్న సినిమాని ఆపేసి, మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ భవనం ముందు పట్టపగలు ఇద్దరు మనుషులు సూజీకి మంత్రగత్తెల చరిత్ర అప్పజెబుతారు. 1895లో హెలెనా మార్కోస్ అనే మంత్రగత్తె అకాడమీ పెట్టిందన్న సంగతంతా అక్కడే. భయం గాలి తీసేసిన సీను అది. అప్పటిదాకా చెప్పకుండా చూపించిన దర్శకుడు అక్కడ చూపించకుండా చెప్పాడు.

2018లో లూకా గ్వాదన్యీనో తీసిన రీమేక్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేసింది. మంత్రగత్తెలని ముందే చెప్పేసి, 152 నిమిషాలు, బెర్లిన్ రాజకీయాలు, వెలిసిన రంగులు. కథకావాలి గారు అడిగిన కారణాలు చాలావరకు అందులో దొరుకుతాయి. కానీ భయం మాత్రం నాకు పాతదాంట్లోనే.

వెలుగుకొలత:
బీఎండబ్ల్యూ సీను విషయంలో నాలుగోవరుసతోనే ఉన్నాను. ఆ సీను రంగు లేకుండా బోసిగా ఉండడం కూడా చూడండి.

కథకావాలి:
సరే, నీలం పువ్వు, అడుగుల లెక్క ఒప్పుకున్నాను. "కథ ఇంతే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీగల గది దగ్గర మాత్రం కదలను. దాని ముందు సీను గుర్తు చేసుకోండి: సారా తలుపుకి గడియ పెట్టుకుంటుంది, సందులోంచి రేజరు మొన లోపలికి వస్తుంది, గడియ కొక్కేన్ని వెతుక్కుంటూ నెమ్మదిగా పైకి లేపుతుంది. సారా పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని పైన కిటికీ అందుకుంటుంది. ఆ గడియ దగ్గర నేనూ ఊపిరి బిగబట్టాను, ఎందుకంటే గడియ, కొక్కెం, పెట్టెలు మనింట్లోనూ ఉంటాయి. కిటికీ అవతల నీలం వెలుగులో తీగచుట్టలు కనబడగానే ఇది సెట్టు అని తెలిసిపోయింది.

రీలుపెట్టె:
నాకు సరిగ్గా అక్కడే భయం మొదలైంది. ఆ ఇంట్లో ఏ తలుపు వెనక ఏముందో ఇక చెప్పలేమని తెలిసింది ఆ గది దగ్గరే. ఇందులో మనిద్దరికీ పొత్తు కుదరదు. 4కే డిస్కులో ఆ నీలం మాత్రం ఒకసారి చూడండి, స్ట్రీమింగ్‌లో తీగలు అన్నీ కలిసిపోయి ముద్దగా కనబడతాయి, డిస్కులో ఒక్కో చుట్టా విడిగా తెలుస్తుంది.