మార్కుల కోసం మసీదుకు పంపాలా?

కొర్లగుంట నాన్న:
మా పాప ఎనిమిదో తరగతి. సోషల్‌లో ప్రాజెక్టు ఇచ్చారు. తమది కాని మతం ఒకటి ఎంచుకోవాలి. అది ఎక్కడ పుట్టి ఎటెటు పోయిందో మ్యాపు గీయాలి. ఊళ్లో ఆ మతం వాళ్ల ప్రార్థనా స్థలానికి వెళ్లి చూసొచ్చి రెండు పేజీలు రాయాలి. మొత్తం 20 మార్కులు, అందులో వెళ్లొచ్చినందుకే 5. పాప ఇస్లాం ఎంచుకుంది. పక్క బెంచీ స్నేహితురాలు రంజాన్‌కు షీర్ ఖుర్మా తెచ్చిపెడుతుంది, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

మా అమ్మ ససేమిరా అంటోంది. తమాషా ఏంటంటే, ఇదే పాపకు రెండేళ్లప్పుడు జ్వరం తగ్గకపోతే దర్గాకు ఎత్తుకెళ్లి తాయెత్తు కట్టించింది ఆవిడే. ఆ మాటే గుర్తు చేస్తే "అది మొక్కు, ఇది మార్కులు" అంది. నాకు నోరు పెగల్లేదు. నేనైతే పంపాలనే అనుకుంటున్నా. మీరేమంటారు?

రేణిగుంట జంక్షన్:
నేను అమ్మగారి పక్షం. రాజ్యాంగం 28వ అధికరణం బడిలో మతబోధన వద్దంటోంది. ప్రాజెక్టు అని పేరు పెడితే సరిపోతుందా? ఇంకో సంగతి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా వాణ్ని మన తిరుపతి గోవిందరాజస్వామి గుడికి తీసుకెళ్లి, ఇక్కడ స్వామి ఎందుకు పడుకుని ఉన్నాడురా అనడిగితే "అలసిపోయాడేమో" అన్నాడు. వీళ్లకు ఇక మక్కా గురించి చెప్పాలా?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
సామీ, ముందు మీ వాడికి మార్కులు వేయండి. తమ్ముడు వెంకన్న పెళ్లి అప్పు తీర్చడానికి వచ్చిన ధనం కొలిచి కొలిచి, అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడనే కదా మన ఊరి కథ!

ఇక 28. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదని అందులో మొదటి భాగం. మతం బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుని, మతాల గురించి చదివించడం లౌకికవాదానికి విరుద్ధం కాదని తేల్చింది. "నమాజు ఇలా చెయ్యి" అంటే బోధన. "వీళ్లు నమాజుకు ఇటే ఎందుకు తిరుగుతారు" అంటే భూగోళం.

క్లాసులో నేను ఒక ప్రశ్న వేసేవాణ్ని. రంజాన్ ఒకప్పుడు ఎండాకాలంలో, ఇంకొకప్పుడు చలికాలంలో వస్తుంది. ఉగాది మాత్రం మార్చి, ఏప్రిల్ దాటదు. ఇద్దరూ చూసేది చంద్రుణ్నే కదా, ఎందుకిలా? చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సూర్యుడి లెక్కకు సుమారు 11 రోజులు తక్కువ. మనం 32, 33 నెలలకోసారి అధిక మాసం కలిపి ఆ లోటు సర్దుకుంటాం. వాళ్లు కలపరు. అందుకే రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. తిరుపతి పిల్లలకు అధిక మాసం కొత్తేమీ కాదు. ఆ ఏడాది కొండ మీద రెండు బ్రహ్మోత్సవాలు, కింద మనకు రెండింతల ట్రాఫిక్. కానీ అది ఎందుకు పెట్టారో నా క్లాసు పిల్లలకు తెలిసింది పక్కింటి క్యాలెండర్ చూశాకే.

పీలేరు అమ్మాయి:
నేను డిగ్రీలో జాగ్రఫీ. నాకు కోపం ఆ 5 మార్కుల మీద కాదు, మ్యాపు మీద. దేశానికో రంగు పూసి ఇచ్చేస్తారు, మనం జతపరచడమే. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్నది ఇండోనేషియాలో కాబట్టి దానికి ఒకే రంగు. మరి ఆ దేశంలోనే ఉన్న బాలిలో ఎక్కువ మంది హిందువులు, జావాలో బోరోబుదూర్ బౌద్ధ స్తూపం, వీటికేం రంగు పూయాలి? కంబోడియాలో ఆంకోర్ వాట్‌ను 12వ శతాబ్దంలో విష్ణువు కోసం కట్టారు. ఇప్పుడది బౌద్ధ దేశం, అయినా జెండా మీద ఆ గుడి బొమ్మే. బౌద్ధం పుట్టింది మన దగ్గర, మ్యాపులో మాత్రం థాయిలాండ్, శ్రీలంకల్లో వెతుక్కోవాలి.

పాపకు చెప్పండి అన్నా, మ్యాపులో బాణం గుర్తులు రెండు రకాలుగా వేయమని. ఊళ్లో ఉన్నవాళ్లే కొత్త మతంలోకి మారడం ఒకటి, మనుషులు తమ దేవుణ్ని వెంటబెట్టుకుని వలస పోవడం ఇంకొకటి. రెండో రకానికి మన వెంకన్నే ఉదాహరణ. 1970ల్లో అమెరికా వెళ్లినవాళ్లు పిట్స్‌బర్గ్ పక్కన వెంకటేశ్వరుడికి గుడి కట్టుకున్నారు, అదీ కొండ మీదే. చలికాలంలో అక్కడ మంచు తోసుకుని దర్శనానికి వెళ్లాలి. ఆ గుడికి పక్క బడి పిల్లలు ప్రాజెక్టు పేరుతో వస్తే మనం వద్దంటామా?

పాతబజారు టైలర్:
ఇందాకటి నుంచి చదువుతున్నా, మమ్మల్ని ఎవరూ అడగట్లేదు. నేను ముస్లింని. పంపించండి అంటాను. కానీ పెద్దావిడ మాటలో న్యాయం ఉంది.

నిరుడు ఇలాంటి ప్రాజెక్టుకే ఆరుగురు పిల్లలు మా మసీదుకు వచ్చారు. శుక్రవారం, సరిగ్గా జుమ్మా వేళకు. సజ్దాలో, అంటే నుదురు నేలకు ఆనించి, ఉన్న ముసలాయన వెనక నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. ఆయన ఏమీ అనలేదు, లేచి మోకాళ్లు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. దర్గాకు తాయెత్తు కోసం వచ్చేవాళ్లు ఏదో కష్టంతో వస్తారు, చెప్పులు విప్పే తీరులోనే తెలిసిపోతుంది. ఈ పిల్లలు కాగితం మీద టిక్కులు పెట్టుకోవడానికి వచ్చారు. తప్పు వాళ్లది కాదు, ఎప్పుడు ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పి పంపలేదు.

అన్నా, మామూలు రోజు సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, పొద్దుగూకాక చేసే మగ్రిబ్‌కు ముందు తీసుకురా. ఆడపిల్ల అని మొహమాటపడొద్దు, ఆ టైములో ఎవరూ ఉండరు. మా హాలు గోడలు వీధి వాటంగా ఉంటాయి, కార్పెట్ మీద వరుసల గీతలు మాత్రం ఏటవాలుగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు కార్పెట్ వంకరగా పరిచారనుకుంటారు. పాప వచ్చాక నేనేమీ చెప్పను, తనే కనుక్కోవాలి.

రేణిగుంట జంక్షన్:
కోర్టు మాట ఒప్పుకున్నా మాస్టారూ. ఆ 5 మార్కులు మాత్రం ఒప్పుకోను. వెళ్లనన్న పిల్లకు సున్నా వేస్తే అది బలవంతమే. టైలర్ అన్నా, మీ పాపను గుడికెళ్లి రమ్మంటే ఏం చేస్తావు?

పాతబజారు టైలర్:
మా పాపకూ ఇచ్చారు. లోపలికి వెళ్లాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు చర్చ. చివరికి రోడ్డుకు ఇవతల కూర్చుని గోపురం బొమ్మ గీసింది, ఏడు కలశాలూ లెక్కపెట్టి మరీ. 5కి 3 వేశారు. బొమ్మ మాత్రం నా కొట్లో కుట్టు మిషన్ పైన అంటించి పెట్టా.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
ఆ 2 మార్కులు కోయడం తప్పు. ఈ విషయంలో రేణిగుంట సామితో నేనూ కలుస్తా. అదే 28లో మూడో భాగం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్లలోనూ పిల్లలను వాళ్ల పెద్దల సమ్మతి లేకుండా మతబోధనకు గానీ ప్రార్థనకు గానీ హాజరు కమ్మనకూడదంటుంది. చూసి రావడం ప్రార్థన కాదని వాదించొచ్చు. కానీ గడప దాటాలా వద్దా అన్నది ఇంటివాళ్ల నిర్ణయం. వెళ్లని పిల్ల ఎవరినైనా అడిగి రాసుకొస్తే అన్ని మార్కులూ వేయాలి. నేను బళ్లో ఉన్న రోజుల్లో ఇది నాకు తట్టలేదు, దాచుకోవడం దేనికి.

కొర్లగుంట నాన్న:
గురువారం వెళ్లొచ్చాం. టైలర్ అన్న అన్నట్టే ఒక్క ముక్క చెప్పలేదు, టీ తెప్పించి కూర్చున్నాడు. పాప కార్పెట్ గీత మీద ఫోన్ పెట్టి దిక్సూచి చూసింది. 287 వచ్చింది. పడమర 270 కదా, అంటే 17 డిగ్రీలు ఉత్తరానికి. నమాజుకు తిరిగేది మక్కా వైపు కదా, ఇంట్లో అట్లాస్ మీద స్కేలు పెట్టి తిరుపతి నుంచి మక్కాకు గీసుకొచ్చిన గీత మాత్రం 12 డిగ్రీలే. "అంకుల్, మీ కార్పెట్ 5 డిగ్రీలు తప్పు" అనేసింది. నేను తల దించుకున్నా. ఆయన నవ్వి "నీ కాగితం బల్లపరుపుగా ఉందమ్మా, భూమి అలా లేదు" అన్నాడు.

దారిలో స్టేషనరీ కొట్లో చిన్న గ్లోబు కొన్నాం. దాని మీద దారం బిగించి పట్టుకుంటే, అదే దగ్గరి దారి, కార్పెట్ గీతలాగే ఉత్తరానికి మొగ్గింది. ఒక్క చేత్తో దారం జారిపోతోందని, తిరుపతి మీద వేలు అదిమిపెట్టే పని మా అమ్మకు పడింది. పది నిమిషాలు పట్టుకుని కూర్చుంది, విసుక్కుంటూనే. మసీదుకు పంపడం తప్పని ఇప్పటికీ అంటోంది. టీచర్‌తో మార్కుల సంగతి మాట్లాడితే ఆలోచిస్తామన్నారు.

రెండు పేజీలూ అమ్మకు చదివి వినిపించింది పాప. అంతా విని, తాయెత్తు ముక్క ఒక్కటీ కొట్టేయించింది.