'కీట్స్' అంటే పేటా, వాడా, బస్తీనా, పాలెమా?

అందరికీ నమస్కారం. ఒక జర్మన్ మాటకు సరైన తెలుగు కావాలి. వారం రోజులుగా దాని దగ్గరే ఆగిపోయాను.

నేను ఉండేది బెర్లిన్ నగరంలోనే ఆగ్నేయం వైపున్న కోపెనిక్‌లో. ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లల్ని వచ్చే నెల ఒక ఆదివారం పాత కోపెనిక్ అంతా నడిపించి చూపిద్దామనుకున్నాం. పిల్లలు ఇక్కడే పుట్టారు. జర్మన్ గడగడా మాట్లాడతారు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. వాళ్ల చేతిలో పెట్టడానికి తెలుగులో రెండు పేజీలు రాసే పని నాకు అప్పజెప్పారు. "మనం ఇప్పుడు నిలబడిన చోటును కీట్స్ అంటారు" అని మొదలుపెట్టాను. కీట్స్ అంటే ఏమిటో చెప్పబోతే తెలుగు మాట దొరకలేదు.

బెర్లిన్‌లో ఎవరిని కదిపినా "మా కీట్స్‌లో" అంటారు. నాలుగైదు వీధులు, మూల మీద ఒక బేకరీ, పిల్లలాడుకునే చిన్న పార్కు, కనబడగానే పలకరించే పదిమంది మనుషులు కలిస్తే కీట్స్. సర్కారు పటంలో అది ఉండదు. పటంలో ఉండేవి 12 బెత్సిర్క్‌లు, వాటి లోపల ఓర్ట్‌స్టైల్‌లు. మన జోన్లు, వార్డుల లాంటివి. కీట్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చేది అక్కడ కాపురం ఉండేవాళ్లే. దానికి హద్దురాయి లేదు.

అయితే ఆ మాట పుట్టింది ఈ అర్థంతో కాదు. ఎల్బే నదికి తూర్పున ఉన్న స్లావ్ జనాల నేలను మధ్యయుగాల్లో జర్మన్ ప్రభువులు పట్టుకున్నారు. అప్పట్లో కోటను ఆనుకుని, నీటి ఒడ్డున, ఎక్కువగా స్లావ్ జాలరులు ఉండే చిన్న ఊరిని కీట్స్ అనేవారు. కోటకు చేపలు ఇచ్చుకోవాలి, చాకిరీ చేయాలి. పక్క పట్నంలో ఉండేవాళ్లకున్న హక్కులు వీళ్లకు లేవు. స్లావ్ భాషల్లో గుడిసె అని అర్థం వచ్చే 'ఖిజా'తో ఈ మాటను ముడిపెట్టేవాళ్లే ఎక్కువ, కాదనేవాళ్లూ ఉన్నారు.

స్ప్రే, దామె అనే రెండు నదులు కలిసే చోట ఉంది కోపెనిక్. 12వ శతాబ్దంలో ఇక్కడ యాక్సా అనే స్లావ్ రాజు ఉండేవాడు. ఆయన నాణేల మీద తన పేరుతో పాటు ఈ ఊరి పేరూ ఉంది. దామె నది మీది దీవిలో ఇప్పుడున్నది 1677లో మొదలుపెట్టి కట్టిన బరోక్ ప్యాలెస్. దానికి కూతవేటు దూరంలో ఒకే ఒక్క వీధి ఉంది. ఆ వీధి పేరే కీట్స్.

మొన్న శనివారం మళ్లీ వెళ్లి చూశాను. చాలావరకు పొట్టి ఇళ్లే. కిటికీ అంచు నా నడుము ఎత్తున ఉంది, లోపల పూలకుండీలు పెట్టారు. దారంతా గుండ్రాళ్ల పరుపు, పిల్లను కూర్చోబెట్టుకుని తోసే బండి టకటకమని అదురుతుంది. ఇళ్ల వెనక పెరళ్లు, పెరళ్ల చివర నీళ్లు. ఆ నీటి మలుపు పేరు ఫ్రావెన్‌టోగ్, అంటే 'ఆడవాళ్లు లాగిన వల'. మగవాళ్లు ఖాళీ వలలతో తిరిగొస్తే ఆడవాళ్లే వెళ్లి వలేసి నిండుగా చేపలు లాగుకొచ్చారని కథ.

ఇంత కథ ఉన్న మాటకు పేట అనాలా, వాడ అనాలా? మీరే చెప్పండి.

హైదరాబాద్ సభ్యురాలు: ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, బస్తీ. మేము "మా బస్తీల" అంటే మీరు చెప్పిందే. బస్తీలో ఎవరింట్లో పెళ్లైనా అందరం ఉంటాం. సర్కారు దవాఖానాకు కూడా బస్తీ దవాఖానా అనే పేరు పెట్టుకున్నాం. పైగా మీరు చెప్పిన పేదరికం, పెద్దవాళ్ల చిన్నచూపు రెండూ ఆ మాటలో ఉన్నాయి. ఇప్పుడు ప్రేమగా అనుకుంటాం, అదీ ఉంది.

గుంటూరు నుంచి ఒక మాస్టారు: అమ్మా, మీకు బస్తీ అంటే పేట. మా వైపు పెద్దవాళ్లకు బస్తీ అంటే పట్నం! "బస్తీకి పోయి సినిమా చూసొచ్చాడు" అని మా నాయనమ్మ అనేది. పల్లెకు ఎదురు మాట బస్తీ. ఉర్దూలో బసనా అంటే నివసించడం, కాబట్టి మూలం ఇద్దరికీ ఒకటే. అది ఇక్కడ పెద్ద ఊరికి అతుక్కుంది, అక్కడ చిన్న వాడకు అతుక్కుంది. మీ పిల్లల్లో రెండు వైపుల వాళ్లూ ఉంటారు. ఇంటికెళ్లి అమ్మమ్మకు చదివి వినిపిస్తే చెరొక అర్థం వస్తుంది. నా ఓటు 'వాడ'కు. ఊరూవాడా అంటాం, వాడవాడలా అంటాం. మనుషులు కలిసి ఉండే చోటు అన్న భావం అందులో నిండుగా ఉంది.

కొలోన్ నుంచి ఒక సభ్యుడు: నేనూ జర్మనీలోనే ఉంటున్నాను. కొలోన్‌లో కీట్స్ అనరు, ఫేడెల్ అంటారు. మా ఆఫీసులో ఒకాయన "మై ఫేడెల్" అన్నప్పుడల్లా నాకు మన 'వీధి'యే వినిపిస్తుంది. రెండూ చుట్టాలే అయి ఉంటాయా?

విశాఖ నుంచి ఒక అక్క: మాకు జాలారిపేట ఉంది కదా తమ్ముడూ, సముద్రం ఒడ్డున. మీరు చెప్తుంటే నాకు అదే కళ్లముందు తిరిగింది. మరొక మాట. పిల్లలకు "చేపలు పట్టేవారు" అని రాయకండి. ఒడ్డున ఉండేవాళ్లెవరూ అలా అనరు. "వేటకెళ్లారు" అంటారు. వేసవిలో రెండు నెలలు బోట్లు కట్టేస్తే దాన్నీ వేట నిషేధం అనే అంటారు.

నా జవాబు: అందరికీ ధన్యవాదాలు. అక్కా, 'వేట' ఇప్పుడే దిద్దుకున్నాను. మాది చీరాల వైపు. ఓడరేవులో చిన్నప్పటి నుంచి విన్న మాటే, రాసేటప్పుడు చేతికి రాలేదు.

కొలోన్ తమ్ముడికి. ఫేడెల్ అనేది ఫియర్టెల్‌కు కొలోన్ యాస. ఫియర్ అంటే నాలుగు, ఫియర్టెల్ అంటే నాలుగో వంతు, మన పావు. ఊరిని భాగాలు చేసి చెప్పుకున్న రోజుల మాట, తర్వాత ఏ భాగానికైనా అదే నిలిచిపోయింది. వీధి మనకు సంస్కృతం 'వీథి' నుంచి వచ్చింది. వినడానికి దగ్గరే గాని చుట్టరికం లేదు. చుట్టరికం మరోచోట ఉంది. మనం రైల్వే క్వార్టర్స్, పోలీస్ క్వార్టర్స్ అంటాం చూడండి, ఆ ఇంగ్లిష్ మాటకూ 'నాలుగో వంతు' అనే అర్థం ఉంది. అంటే 'పావు' అనే మాటలోంచి నివాసం పుట్టిన మలుపు మన నోట్లోనూ ఉంది.

ఇంకొక సంగతి, పెద్దవాళ్లకు మాత్రం. హాంబుర్గ్ వెళ్లి "కీట్స్ ఎక్కడ?" అని అడిగితే సాంక్ట్ పౌలీలోని రాత్రి బజారు చూపిస్తారు. అందుకే పిల్లల పేజీలో "బెర్లిన్‌లో" అని ముందే రాస్తున్నాను.

ఇక అసలు విషయం. మాస్టారూ, 'వాడ' నాకూ ఇష్టమే. కానీ పాత కీట్స్‌కు అది చాలదు. అందులో కోట లేదు. ఈ ఊరి బతుకంతా కోట నీడలోనే గడిచింది. కోటను ఆనుకుని వెలిసే ఊరిని మనం పేట అనేవాళ్లం, అది సరిపోతుందనుకున్నాను. ఐతే పేట అనగానే బజారు, కొట్లు, బేరాలు గుర్తొస్తాయి. కీట్స్‌లో బేరం చేసే స్వేచ్ఛ ఎక్కడిది? చాకిరీ చేసే బాధ్యత ఉండేది.

అందుకని 'పాలెం' వైపు మొగ్గుతున్నాను. పాళెము అంటే మొదట దండు దిగిన చోటు. పాళెగాడు అందులోంచే వచ్చాడు. దండులు పోయాయి, మాట మిగిలింది. ఇప్పుడు మా వైపు ఈపూరుపాలెం, వేటపాలెం, సముద్రం పొడుగునా పల్లెపాలేలు. ఎవరి అధికారం కిందో మొదలైన మాట అక్కడ ఉండేవాళ్ల సొంతమైంది. కీట్స్ నడిచిన దారీ ఇదే. వందేళ్ల కిందట బెర్లిన్‌లో కీట్స్ అంటే ఊరి చివర పేదవాళ్లుండే చోటు. ఇవాళ చదువుకున్నవాళ్లు కూడా గొప్పగా "మా కీట్స్" అంటున్నారు. ఈ మార్పు చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

గుంటూరు మాస్టారు: పాలెం బాగుంది, ఒప్పుకుంటున్నాను. కాని ఇప్పటి కీట్స్‌ను కూడా పాలెం అంటే అతకదు. నాలుగంతస్తుల ఇళ్లు, కింద కాఫీ హోటళ్లు. రెంటికీ ఒకటే మాట పెట్టాలని పట్టుబట్టొద్దు. అన్నట్టు, కోపెనిక్ అంటే ఆ దొంగ కెప్టెన్ ఊరేనా?

నా జవాబు: ఆ ఊరేనండీ. 1906 అక్టోబర్ 16న విల్‌హెల్మ్ ఫోయ్‌ట్ అనే చెప్పులు కుట్టే మనిషి, జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గినవాడు, సెకండ్‌హ్యాండ్ కొట్లలో కొన్న కెప్టెన్ యూనిఫాం వేసుకున్నాడు. దారిలో కనబడ్డ సైనికుల్ని "నా వెంట రండి" అన్నాడు. వాళ్లు వచ్చారు. రైలెక్కి కోపెనిక్‌లో దిగి, టౌన్‌హాల్‌లోకి నడిచి, మేయర్‌ను అరెస్టు చేయించి, ఖజానాలోని 3,557 మార్కుల 45 ఫెనిగ్‌లు పట్టుకెళ్లాడు. ఆ టౌన్‌హాల్ కట్టి అప్పటికి ఏడాదే అయింది. ఎర్ర ఇటుక భవనం, ఎత్తైన గోపురం, ఇప్పటికీ పనిచేస్తోంది. 1996 నుంచి గుమ్మం దగ్గర ఆయన కంచు విగ్రహం నిలబడి ఉంది. నాలుగేళ్ల జైలు వేశారు, 1908లో చక్రవర్తే క్షమించి వదిలేశాడు.

దానివల్ల జర్మన్‌లో ఒక మాటే పుట్టింది: కోపెనికియాడె. వేషం చూసి జనం తలవంచేలా చేసి పని సాధించుకోవడం. దీన్ని తెలుగులో 'పగటివేషం' అంటే?

గుంటూరు మాస్టారు: వద్దు నాయనా. పగటివేషం ఒక కళ. వేషగాడు తాసీల్దారులా వచ్చినా, పోలీసులా వచ్చినా అది వేషమని ఊరందరికీ తెలుసు. చివర్లో సంభావన అడిగి తీసుకుంటాడు, ఖజానా పట్టుకుపోడు. ఆ పేరును దొంగతనానికి పెట్టి వాళ్లను చిన్నబుచ్చకూడదు. 'దొరవేషం' అని చూడు.

హైదరాబాద్ సభ్యురాలు: దొరవేషం మస్తుంది. దొర అంటే భయపడే రోజులు మా తాతలకు బాగా తెలుసు. ఆ కథలో సైనికులు భయపడ్డదీ యూనిఫాంకే కదా.

నా జవాబు: 'దొరవేషం' తీసుకుంటున్నాను. మీ ఇద్దరికీ నమస్కారాలు.

మిగిలిన చోట్లకు మాటలు కుదిరాయి. ప్యాలెస్‌లో 1730లో ప్రష్యా యువరాజు ఫ్రీడ్రిష్ మీద, ఆయన స్నేహితుడు కాట్టె మీద సైనిక విచారణ జరిగింది. తండ్రి నుంచి పారిపోబోయి పట్టుబడ్డారు. కాట్టెకు కోర్టు యావజ్జీవం వేస్తే రాజు దాన్ని మరణశిక్షగా మార్చాడు. క్యూస్ట్రిన్ కోటలో తల తీశారు. ఆ క్యూస్ట్రిన్‌కూ ఒక కీట్స్ ఉంది: ఓడర్ నదికి ఈవల, పోలండ్ సరిహద్దులో క్యూస్ట్రిన్-కీట్స్ అనే రైల్వే స్టేషన్.

హెన్రియెట్టె లుస్టిగ్ అనే ఆవిడ 1835లో బెర్లిన్ వాళ్ల బట్టలు కూలికి ఉతికే పని ఇక్కడ మొదలుపెట్టింది. తర్వాత ఎన్నో కుటుంబాలు అదే పట్టాయి. కోపెనిక్‌ను 'బెర్లిన్ ఉతుకుగది' అనేవారు. దీనికి మాత్రం నేను ఆలోచించలేదు, 'చాకిరేవు' అని రాసేశాను. నీళ్లు, బండ, ఎండలో ఆరేసిన దుప్పట్లు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఒక్కచోట చెయ్యి ఆగింది. 1933 జూన్‌లో నాజీల ఎస్.ఏ. దళం వాళ్లు ఇక్కడ కమ్యూనిస్టులను, సోషల్ డెమోక్రాట్లను, యూదులను వందల సంఖ్యలో పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. చాలామంది చనిపోయారు. దాన్ని 'బ్లూట్‌వోహె' అంటారు. పాత కోర్టు జైలులో స్మారకం ఉంది. 'రక్తవారం' అని రాస్తే పత్రికల మాటలా అనిపించింది. 'నెత్తుటి వారం' అని మార్చాను. పదేళ్ల పిల్లలకు ఇది చెప్పాలా అని ఇద్దరు తల్లులు అడిగారు. చెప్పాలనే నా పట్టుదల. వాళ్లు బడికి వెళ్లే దారిలో జరిగింది అది.

విశాఖ అక్క: చెప్పండి తమ్ముడూ. మరి మొదటి లైన్ చివరికి ఎలా రాశారు? అది పెట్టలేదు మీరు.

నా జవాబు: ఇదిగో అక్కా, ఇలా కుదిరింది:

"బెర్లిన్‌లో 'మా కీట్స్' అంటే మా వాడ అని. మీరు ఇప్పుడు నిలబడింది ఆ మాట పాత రూపం ఇంకా వీధి పేరుగా బతికున్న చోట. ఒకప్పుడు ఇది కోట పక్కన పాలెం. ఇక్కడివాళ్లు తెల్లారకముందే వేటకు వెళ్లేవారు, దొరికిన దాంట్లో కోటకు ఇచ్చుకునేవారు. 1898లో ఈ పాలెం కోపెనిక్ పట్నంలో కలిసింది. 1920లో కోపెనిక్ బెర్లిన్‌లో కలిసింది. తల కొంచెం వంచి ఆ కిటికీలు చూడండి, ఎంత కిందికి ఉన్నాయో."