పట్టీ బిగిస్తే చెమట, వదులైతే తప్పు సైగలు. ఏం చేయాలి?

మాది పర్లాకిమిడి. రైస్ మిల్లులో బస్తాల తూకం చూసే నాన్నగారికి రాసుకోవడానికి చేతులు ఖాళీ ఉండవని, మణికట్టుకు కట్టుకునే చిన్న కంప్యూటర్ చేస్తున్నాను. అంకె నోటితో చెప్పి, మణికట్టు రెండుసార్లు తిప్పితే సేవ్ అవ్వాలి. ఈఎస్‌పీ32-ఎస్3 బోర్డు, చేతి కదలికను పసిగట్టే ఎంపీయూ6050 సెన్సర్, 400 ఎంఏహెచ్ బ్యాటరీ, అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. మాటతో ఇబ్బంది లేదు, మైకు కాలర్‌కి మార్చాక మిల్లు మోతలో కూడా తెలుగు, ఒడియా అంకెలు రెండూ పట్టుకుంటోంది.

సమస్యంతా పట్టీతోనే. బిగిస్తే అరగంటకే చెమట పట్టి చర్మం ఎర్రబడి దురద, పాపం ఆయన విప్పేస్తున్నారు. వదులు చేస్తే డబ్బా జారి, బస్తా ఎత్తినా సైగ అనుకుంటోంది. సిలికాన్ పట్టీ, నైలాన్ వెల్‌క్రో, లోపల నూలు గుడ్డ అన్నీ చూశాను. చెయ్యి ఎంత వేగంగా తిరిగితే సైగగా లెక్కించాలనే గైరో (తిరిగే వేగాన్ని కొలిచే భాగం) పరిమితిని సెకనుకి 150 డిగ్రీల నుంచి 250కి పెంచితే తప్పులు తగ్గాయి కానీ ఆయన నిదానంగా తిప్పేది అసలు పట్టడం లేదు. శాంప్లింగ్ 100 హెర్ట్జ్, అంటే సెన్సర్‌ని సెకనుకి 100 సార్లు చదువుతోంది.

బోర్డు, బ్యాటరీ భుజానికి మార్చి చూస్తే వైరు బస్తాలకి తగులుకుంటోంది.

చెమట పట్టే పనిలో, వదులుగా కట్టినా సెన్సర్ జారకుండా ఉండాలంటే ఎలాంటి పట్టీతో, చేతి మీద ఏ చోట కట్టాలి?